బోన్‌హోఫర్ 'కలసి జీవించుట'

జర్మను దైవశాస్త్రజ్ఞుడు డీట్రిష్ బోన్‌హోఫర్ (1906–1945) 'కలసి జీవించుట' అను చిన్న గ్రంథమును 1938లో గోటింగెన్ నగరమున సుమారు నాలుగు వారములలో వ్రాసెను. మరుసటి యేడు అది అచ్చయినది. దానికి పుట్టిల్లు ఫింకెన్‌వాల్డె. నాజీల అదుపునకు లోబడనొల్లని క్రైస్తవసంఘమువారు యువబోధకులకై 1935లో నెలకొల్పిన శిక్షణాలయమది; 1937లో గెస్టాపో దానిని మూసివేసినది.

ఈ నిర్బంధపు నీడ గ్రంథమున పెద్దగా కానరాదు. కనిపించునది దినచర్యయే: ఉదయమున కీర్తనలు, వేదపఠనము, ప్రార్థన, పిదప ఏకాంతధ్యానము. శిక్షణాలయమున ఈ ధ్యానము నిత్యము అరగంట, వారమంతయు ఒకే వాక్యభాగముపై సాగెడిది. విద్యార్థులకది దుర్భరమైనది, కొందరికి నిద్ర వచ్చెడిది. కార్ల్ బార్త్ అంతటివాడు ఇందు మఠవాసనను శంకించెను. చెదరిన మనసుతో పోరాడవలదని బోన్‌హోఫర్ సలహా: అది ఎవరికడకు పరుగిడునో వారినే ప్రార్థనలోనికి తెచ్చుకొనవలెను.

గ్రంథమునకు ఆయువుపట్టు మొదటి ప్రకరణము. ఆదర్శసమాజమును గూర్చి కలగనుచు వచ్చు యువకుని ఆయన మెచ్చడు. కలను ప్రేమించువానికి తోడివారు దాని కొలతకు చాలరు. అతడు మొదట వారిని, పిదప దేవుని, తుదకు తన్నే నిందించుకొనును. యువజనులకు భక్తిని బోధించువారు సాధారణముగా ఉత్సాహమును రగిలింపజూతురు. ఈయన దానిని ముందే చల్లార్చును. ఈ కాఠిన్యమే గ్రంథమునకు బలము. పాటయందును అంతే. బహుస్వరగానము ఘనసంప్రదాయముగా గల దేశమున పుట్టి, సంగీతము బాగుగా నెరిగియు, ఆరాధనలో అందరును ఒకే స్వరమున పాడవలెనని పట్టుపట్టును. మన భజనగోష్ఠుల నెరిగినవారికిది వింత కాదు.

లోపము శ్రమ విషయమున కలదు. పగటి పనిని గూర్చిన పుటలు మిక్కిలి పలుచన. కూలికో కొలువునకో పోవు యువతీయువకులకు ఈ దినచర్యలో చోటెక్కడ? 1934లో బోన్‌హోఫర్ గాంధీజీ ఆశ్రమమున కొంతకాలము వసింపగోరెను; గాంధీజీ ఆహ్వానించెను; ప్రయాణము సాగలేదు. నూలు వడకుటయు ప్రార్థనయు ఒకే దినచర్యలో ఇమిడిన చోటును చూచియుండినచో ఆ పుటలు వేరుగా నుండెడివేమో.

మఠవాసన యను ఆక్షేపణ మాత్రము నిలువదు. ఇల్లు మూతపడినను అభ్యాసము మూతపడలేదు. యుద్ధరంగమునకు పోయిన శిష్యులకు ధ్యానమును మరువవలదని ఆయన లేఖలు వ్రాయుచునే యుండెను. వారిలో పలువురు మరలి రాలేదు. 1943 ఏప్రిలులో తానే చెరసాల పాలయిన పిదపయు కీర్తనల గ్రంథమును నిత్యము చదువుచుండెను.