గోడకు పెట్టిన రూపాయి: తిరుపతిలో, చిత్తూరులో

ఇల్లు అమ్మే ముందు ఏం బాగు చేయించాలి అని అడిగితే మన దగ్గర రెండు జవాబులు వినిపిస్తాయి. "రంగు కొట్టించు, గేటు మార్చు, చూసినోడి కళ్లు నిలిచిపోవాల" అనేది ఒకటి. "పైసా పెట్టొద్దు, కొన్నోడు ఎట్లాగూ పగలగొట్టుకుంటాడు" అనేది రెండోది. రెండింటిలోనూ అనుభవం ఉంది. ఏ ఊళ్లో, ఎవరికి అమ్ముతున్నాం అన్న ప్రశ్న మాత్రం రెండింటిలోనూ లేదు. డెబ్బై కిలోమీటర్ల దూరంలో ఉన్న తిరుపతినీ చిత్తూరునూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకే మరమ్మతు ఒక ఊళ్లో పెట్టుబడి, ఇంకో ఊళ్లో దుబారా ఎందుకవుతుందో తెలుస్తుంది.

ముందు కొలత సంగతి. తిరుపతిలో బేరం అంకణాల్లో నడుస్తుంది. ఇక్కడి అంకణం 36 చదరపు అడుగులు. నెల్లూరికి పోతే అదే అంకణం 72 చదరపు అడుగులవుతుంది. తిరుపతి లెక్కలో సెంటుకు పన్నెండు అంకణాల పైచిలుకు. "ఎన్ని అంకణాలు? అంకణం ఎంత?" ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం బేరం అయిపోయినట్టే. ఆ లెక్కలో గోడలు ఎక్కడా లేవని గమనించండి. ఉత్తరాన శేషాచలం కొండలు అడ్డంగా నిలబడ్డాయి కాబట్టి ఊరు అటువైపు పెరిగే వీల్లేదు. యాత్రికులు, 1954 నుంచి విశ్వవిద్యాలయం, 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్, 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లా కేంద్రం హోదా, ఇవన్నీ నేల మీదే బరువు మోపాయి. బైరాగిపట్టెడ, కొర్లగుంట, భవానీనగర్ లాంటి పాత కాలనీల్లో ముప్పై ఏళ్ల ఇల్లు అమ్మడమంటే ప్రధానంగా దాని కింది నేలను అమ్మడమే.

లెక్క కోసం ఒక ఊహ చేద్దాం. అరవై అంకణాల జాగా, అంకణం లక్ష రూపాయలు అనుకోండి. బేరంలో అంకణం మీద ఐదు వేలు అటూ ఇటూ అయితే మూడు లక్షల తేడా వస్తుంది. అమ్మే ముందు మూడు లక్షలు పోసి కట్టించిన మాడ్యులర్ కిచెన్ ఆ ఒక్క మాటలో మునిగిపోతుంది. కొనేవాడు దాన్ని మెచ్చుకుంటాడు, లెక్కలో మాత్రం వేయడు.

చిత్తూరు సంగతి వేరు. గ్రీమ్స్‌పేటలోనో, కొంగారెడ్డిపల్లెలోనో, మిట్టూరులోనో ఇల్లు చూడటానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అందులో కాపురం పెట్టాలనే వస్తారు. బదిలీ మీద తిరిగి తిరిగి ఒకచోట స్థిరపడాలనుకునే ఉద్యోగి, రిటైరైన టీచరు, పిల్లల చదువు కోసం చుట్టుపక్కల పల్లెల నుంచి పట్నానికి మారే రైతు. వీళ్లు కొళాయి తిప్పి చూస్తారు, అలమరా తలుపు లాగి చూస్తారు, వంటింట్లో నిలబడి గాలి వస్తుందా లేదా చూస్తారు. కట్టడానికి విలువ కట్టే కళ్లు ఇక్కడే ఎక్కువ. అయినా మెరుగుల మీద ఖర్చు పెట్టాలన్న ఉబలాటం తిరుపతి యజమానిలో ఎక్కువగా కనిపిస్తుంది, చిత్తూరు యజమాని "ఉన్నది ఉన్నట్టు" అమ్ముకుంటాడు. నా దృష్టిలో రెండుచోట్లా అలవాటు తిరగబడి ఉంది.

తిరుపతిలో గోడకు అసలు విలువే లేదని కాదు. అక్కడ గోడ విలువ అద్దెలో కనిపిస్తుంది. పగలగొట్టే ఉద్దేశం లేకుండా కొనేవాడు చాలాసార్లు నెలకు ఎంత వస్తుందో చూసుకుని కొంటాడు. పై పోర్షనుకు బయటి నుంచి మెట్లు ఉన్నాయా? పోర్షనుకో బాత్‌రూము ఉందా? పోర్షనుకో కరెంటు మీటరు ఉందా? దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్న ఊళ్లోనే, ఒకే మీటరు మీద మూడు కాపురాలు నడుస్తూ నెలనెలా బిల్లు పంచుకోవడంలో తగాదాలు పడే ఇళ్లు ఉన్నాయి. హాల్లో పాత టైల్స్ పీకి కొత్తవి వేయించే డబ్బులో కొంత పెడితే మీటర్లు విడిపోతాయి. టైల్స్ కొనేవాడి రుచి మీద వేసిన పందెం. విడి మీటరు అతనికి నెలనెలా తప్పే తలనొప్పి. ఇదే పని చిత్తూరులో ఒక్క కుటుంబం ఉండబోయే ఇంట్లో చేయిస్తే దాని విలువ సగానికి పడిపోతుంది.

ఇక నీళ్లు. రెండు ఊళ్ల మధ్య తేడా ఇంకెక్కడా ఇంత స్పష్టంగా కనిపించదు.

చిత్తూరు గుండా పారే నీవా నది పేరు హంద్రీ-నీవా సాగునీటి పథకం పేరులో సగం. ఎండాకాలం వస్తే ఆ ఊళ్లోనే వీధి మలుపులో ట్యాంకరు కోసం ఎదురుచూపులు. అందుకే చిత్తూరులో ఇల్లు చూసేవాడు గేటు దాటి వచ్చాక అడిగే మొదటి మాట "బోరు ఎన్ని అడుగులన్నా?" రెండోది "వేసవిలో ఎంతసేపు పోస్తాది?" ఈ ప్రశ్నలకు నోటిమాట చాలదు. మోటారు ఆన్ చేసి, సంపు నిండేదాకా నిలబెట్టి చూపించగలిగితే గోడ మీది ఏ రంగూ చేయలేని పని అవుతుంది. కొత్త బోరు వేయించాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. ఖర్చు పెద్దది, నీళ్లు పడతాయన్న హామీ లేదు. అమ్మబోయే ఇంట్లో ఆ జూదం ఆడటం తెలివి కాదు. పాత బోరును ఫ్లషింగ్ చేయించడం, అరిగిన మోటారు మార్చడం, బీటలు వారిన సంపుకు లోపల సిమెంటు పూత వేయించడం, మిద్దె మీది వాన నీళ్లను ఇంకుడు గుంతకు మళ్లించడం, ఇవి చిత్తూరు ఇంటికి తగిన మెరుగులు.

తిరుపతిలో భయం ఎదురు దిక్కు నుంచి వస్తుంది. కల్యాణి డ్యాం, కండలేరు నీళ్లు వచ్చే ఊరికి 2021 నవంబరు వానలు వేరే పాఠం నేర్పాయి. కొండల మీది నుంచి దిగిన నీళ్లు వీధుల్ని వాగుల్లా మార్చాయి. శ్రీకృష్ణనగర్‌లో ఒక ఇంట్లో సంపును శుభ్రం చేస్తుండగా అది భూమిలోంచి పైకి లేచి నిలబడిన దృశ్యాన్ని రాష్ట్రమంతా చూసింది. ఆ నెల తర్వాత తిరుపతిలో పల్లపు వీధుల్లో ఇల్లు చూసేవాడు "అప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చినాయి?" అని అడగడంలో వింత లేదు. కాబట్టి అక్కడ ఆవరణ వాలును వీధి కాలువ వైపు సరిచేయించడం, పూడిన పైపులు తీయించడం, సంపు మూతను నేలమట్టం కంటే ఎత్తు చేయించడం పనికొచ్చే ఖర్చులు. రెండు ఊళ్లలోనూ కొనేవాడు సంపు మూత ఎత్తి చూస్తాడు. చిత్తూరులో నీళ్లు ఉన్నాయా అని, తిరుపతిలో వీధి నీళ్లు లోపలికి వస్తాయా అని.

మిద్దె విషయంలో మాత్రం రెండు ఊళ్లదీ ఒకే కథ. రెండింటికీ పెద్ద వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే. ఉరిసే మిద్దె కింద పుట్టీ పెట్టి రంగు కొట్టించడం అమ్మేవాళ్లు చేసే అతి సాధారణమైన పని, అతి తెలివితక్కువ పని కూడా. కొనేవాడు తెలిసిన బేల్దారిని వెంటబెట్టుకుని వస్తాడు. ఆయన మూలల్లో చేత్తో తడిమి, వేలితో కొట్టి చూస్తాడు. కొత్త రంగు కింద చెమ్మ దొరికితే మిగతా ఇంటి మీద కూడా నమ్మకం పోతుంది. దాచిన లోపానికి ధర ఎప్పుడూ అసలు లోపం కంటే ఎక్కువే. వేసవిలో మిద్దె మీద వాటర్‌ప్రూఫింగ్ చేయించి, బేరాలు జరగని ఆషాఢంలో రంగులు ముగించుకుని, శ్రావణంలో ఇల్లు చూపిస్తే వానలకు ముందే బేరం తేలే అవకాశం ఉంటుంది.

వాస్తు సలహాలను కూడా ఇదే గీటురాయి మీద గీయాలి. గేటు జరపడం, ఈశాన్యంలో పేరుకున్న చెత్త తీయించడం, మిద్దె మీది నీళ్ల ట్యాంకును నైరుతికి మార్చడం చిన్న ఖర్చులు. వీటితో చాలామంది అనుమానం తీరుతుంది. మెట్లు కూల్చి కట్టడం, సెప్టిక్ ట్యాంకు మార్చడం అలా కాదు. కొనేవాడు తన సిద్ధాంతిని తెచ్చుకుంటాడు. ఆయన మీ సిద్ధాంతితో ఏకీభవిస్తాడని ఎవరూ పూచీ పడలేరు.

అమెరికాలో ఏటా వెలువడే 'కాస్ట్ వర్సెస్ వాల్యూ' నివేదికను ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 2024 నివేదికలో గ్యారేజీ తలుపు మార్చిన ఖర్చుకు దాదాపు 194 శాతం తిరిగి వస్తుందని, విలాసవంతమైన వంటగది పునర్నిర్మాణానికి 38 శాతమే వస్తుందని ఉంది. చిన్న పని గెలుస్తుంది, పెద్ద పని ఓడుతుంది అన్న సూత్రం మనకూ వర్తిస్తుంది. దాన్ని పట్టుకుని గేటుకు లక్షలు పోస్తే మాత్రం తప్పుతోవ పడతాం. ఆ అంకెలు రంగంలోని వాళ్ల అంచనాలు. పైగా అక్కడ యాజమాన్య హక్కు మీద బీమా చేయించుకునే పద్ధతి ఉంది, కాబట్టి కొనేవాడి దృష్టి తలుపు మీదికి పోగలదు. మన దగ్గర అతని చూపు ముందు దస్తావేజు మీదికి పోతుంది.

అందుకే రెండు ఊళ్లలోనూ అన్నిటికన్నా పైన ఉండాల్సిన మరమ్మతు బీరువాలో ఉంటుంది. తిరుపతిలో ఆ భయానికి పేరు 22-ఏ. ప్రభుత్వ, దేవాదాయ భూముల రిజిస్ట్రేషన్‌ను ఆపే ఈ సెక్షన్, రిజిస్ట్రేషన్ చట్టంలో ఇప్పటి రూపంలో రాష్ట్రంలో 2007లో వచ్చింది. హథీరాంజీ మఠం భూముల వివాదం దశాబ్దాలుగా నడుస్తున్న ఊళ్లో, సర్వే నంబరు ఆ జాబితాలో లేదని చూపించడమే ఇంటికి పెద్ద అలంకారం. ఇక ప్లానుకు మించి లేపిన అంతస్తు. అంకణాల ధర పెరిగినకొద్దీ సెట్‌బ్యాక్ మింగేయాలన్న ఆశ కూడా పెరుగుతుంది. చిత్తూరులో చిక్కు ఎక్కువగా ఇంటి లోపలే ఉంటుంది. తాత పేరు మీదే ఉండిపోయిన ఇల్లు, పెళ్లై వెళ్లిన అక్కచెల్లెళ్ల సంతకాలు, నోటిమాట పంపకాలు. అక్కడ బేల్దారి కంటే ముందు దస్తావేజు లేఖరిని పిలవాలి. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం కట్టబోయేవాడు, ఆ డబ్బు కోర్టు మెట్ల పాలు కాదన్న నమ్మకం కోరుకుంటాడు.

కాగితాల్లోనే ఇంకోటి, పన్ను. 2024 జూలై 23కు ముందు కొన్న ఇల్లయితే, మన దేశంలోనే నివసించే వ్యక్తి లాభం మీద 12.5 శాతమో, ఇండెక్సేషన్‌తో 20 శాతమో, ఏది తక్కువైతే అది కట్టొచ్చు. ఇంటికి కొత్తగా చేర్చిన గది, బోరు, ప్రహరీ లాంటి వాటి ఖర్చును లాభంలోంచి తీసేయొచ్చు. మామూలు రంగులకు, చిల్లర మరమ్మతులకు ఆ వెసులుబాటు సాధారణంగా దొరకదు. మేస్త్రికి చేతిలో నోట్లు పెట్టి రసీదు తీసుకోకపోతే దొరికే వెసులుబాటూ పోతుంది.

"ఏమీ చేయకుండా ధర తగ్గించి అమ్మితే సరిపోదా?" అనేవాళ్లకూ జవాబు ఊరిని బట్టే ఉంటుంది. తిరుపతి నడిబొడ్డున అపార్ట్‌మెంటు కట్టే బిల్డరు కొంటుంటే సరిపోతుంది. అక్కడ గోడకు పెట్టే ప్రతి రూపాయీ రాళ్లకుప్పలోకే. కాపురానికి కొనేవాడైతే సరిపోదు. తెలియని లోపానికి అతను అసలు ఖర్చుకు రెండింతలు ఊహించి ధరలో కోత పెడతాడు.

కాబట్టి వరస ఇది. తిరుపతిలో ముందు సర్వే నంబరు, ప్లాను, తర్వాత వాన నీళ్ల దారి, ఆపైన విడి మీటర్లు, విడి మెట్లు, మిగిలితే రంగు. చిత్తూరులో ముందు వారసుల సంతకాలు, తర్వాత బోరు, సంపు, ఆపైన మిద్దె, వంటిల్లు, చివర రంగు. మొదట్లో చెప్పుకున్న రెండు సలహాలూ అమ్మేవాడి చుట్టూనే తిరుగుతాయి, ఒకటి అతని ఆశను, ఇంకోటి అతని పిసినారితనాన్ని మెప్పిస్తుంది. కొనేవాడికి ఏ భయంతో నిద్ర పట్టదో కనుక్కుని దానికి ఖర్చు పెట్టినవాడికే ఈ రెండు ఊళ్లలోనూ పెట్టిన డబ్బు తిరిగొస్తుంది.