తివాచీకి కుంకుడు నురుగు

పల్నాటి నేల సున్నపురాతి నేల యగుటచేత, మా మాచవరమున బోరునీరు కాచిన గిన్నె యడుగున తెల్లని పెచ్చు కట్టుట ఇల్లాండ్రందఱు నెఱిగినదే. కాని ఆ పెచ్చునకును, ఇంట పఱచిన ఉన్ని తివాచీ ఒకటి రెండు ఉతుకులతోనే బిరుసెక్కి వన్నె మాయుటకును సంబంధము కలదని తలపోయువారు అరుదు. నీటిలోని సున్నము సబ్బుతో కలియగానే కరగని తెట్టు పుట్టును. నూలుగుడ్డనైనచో బండపై బాది, జాడించి, దానిని కొంతవఱకు వదలింపవచ్చును. తివాచీ కుచ్చుల మొదళ్లలో దూఱిన తెట్టు అంత సులభముగా వదలదు, దానిపై మఱల ధూళి పేరుకొనును.

ఈ విషయమున నాకింత పట్టుదల కలుగుటకు కారణము ఏలూరు తివాచీలయందు నాకు గల మక్కువ. పారశీకమునుండి వలసవచ్చిన నేతగాండ్ర విద్యగా ప్రసిద్ధినందిన ఆ పనిలో, నూలు పడుగుపై ఉన్నిపోగును ముడివెంబడి ముడిగా వేసి, వరుసవరుసను బిగించుచు ఓపికతో నేసిన వస్తువును గుప్పెడు చాకలిసోడాతో చెఱచుట నాకు అపచారముగా తోచును.

ఉన్ని నూలుజాతిది కాదు. మన తలవెండ్రుకవలె కెరటిన్ అను మాంసకృత్తుతో ఏర్పడినది. కాస్టిక్ సోడా ద్రావణమున వేసి మరగించినచో కొద్ది నిమిషములలోనే కరగిపోవును, నూలు నిలుచును. కలనేత బట్టలో ఉన్ని పాలెంతయో ఈ పరీక్షచేతనే తేల్చుదురు. చవుటిమన్నుతో బానలో ఉడికించుట తెల్లపంచెకు ఎంత మేలో ఉన్నికి అంత చేటు. బ్లీచింగు ద్రవము అంతకంటె క్రూరము. ఇక నెత్తుటి మరకలను పోగొట్టుటకై ఎంజైములు కలిపిన పొడులను నేను మిక్కిలి శంకింతును: మరకలోని మాంసకృత్తును విఱుచునది ఉన్నిలోని దానిని విడిచిపెట్టునా? అంగడిలో కొనక తప్పదేని, ఉన్నికి తగినదని సీసాపై స్పష్టముగా వ్రాసినదానినే కొని, నీటిలో కలిపిన పిదప పి.హెచ్. కాగితముతో చూడవలయును, 5కును 8కిని నడుమ నున్నచో భయము లేదు.

నాకు మాత్రము కుంకుడే సమ్మతము. దానిలోని సాపొనినులు సున్నపునీటిలో సబ్బువలె విఱిగి తెట్టు కట్టవు. ఉన్నిని కొఱుకు క్షారమును అందులో లేదు. గింజ తీసిన పెచ్చులను రాత్రి నానవైచి, ఉదయమున చిలికి, పైనురుగును మాత్రమే మెత్తని గుడ్డతో తీసి అద్దవలయును. రుద్దరాదు, వేడినీరు పోయరాదు, ఏలయన రోమములపై నుండు సూక్ష్మమైన పొలుసులు వేడికిని రాపిడికిని పెనవేసికొని ముద్దగట్టును. కుంకుడు రసము గోధుమవన్నెది గావున లేతరంగు తివాచీకి ముందుగా ఒక మూల పరీక్షింపక వాడరాదు. తుడుచుటకు వాననీరు దొరకినచో అంతకంటె కావలసినది లేదు. పిమ్మట నులకమంచముపై నీడను ఆరవేసినచో గాలి క్రిందినుండియు సోకి, లోని నూలు పడుగు బూజుపట్టదు.

వీనికన్నిటికిని ముందు తడిపిన తెల్లగుడ్డను ఒక్కొక్క రంగుపై అదిమి చూడవలయును. గుడ్డకు రంగంటినచో ఆ తివాచీని నీటి జోలికి తీసికొనిపోక, బోరగిల వైచి వెనుకనుండి మెల్లగా తట్టి, దుమ్ము రాల్చి విడుచుటయే మేలు.