కోయకూడనిది తెలిసిన చేయి

బీరు ఫ్యాక్టరీలున్న సంగారెడ్డి జిల్లాలో, మందుల కంపెనీల నడుమ ఉన్న గుమ్మడిదలలో, ఫ్రిజ్ మెకానిక్ పనికి దక్కాల్సిన గౌరవం చాలా ఉంది. పాత డీప్ ఫ్రీజర్‌ను కెగ్ పెట్టెగా, అంటే బీరు పీపాను చల్లగా ఉంచి కుళాయితో పట్టుకునే పెట్టెగా, మార్చే పనినే చూడండి. మైనస్ 18 డిగ్రీలకు దిగే పెట్టెను 4 డిగ్రీల దగ్గర నిలపాలి. అందుకు గ్యాస్ లైను విప్పక్కర్లేదు. బయట థర్మోస్టాట్ పెట్టి, దాని సెన్సార్‌ను లోపల వేలాడదీస్తే కంప్రెసర్ వేళకు ఆగుతుంది. కుళాయి కోసం గోడకు రంధ్రం వేస్తే మాత్రం లోపల దాగిన కాయిల్ తెగి, పెట్టె చచ్చిపోవచ్చు. అందుకే తెలిసినవాడు గోడ జోలికి పోడు. పెట్టెకూ మూతకూ మధ్య చెక్క చట్రం బిగించి, కుళాయిలను దానికే అమరుస్తాడు. ఏది కోయకూడదో తెలియడమే ఈ విద్య.

లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం నేరం కదా అంటారు. నిజమే, అది దాటకూడని గీత. కానీ ఆ పెట్టెకు బీరే అక్కర్లేదు. షోడా, నిమ్మరసం కూడా అదే కుళాయి నుంచి చల్లగా దిగుతాయి. కొత్తది కొనొచ్చుగా అంటారు. కంప్రెసర్ అరిగిపోతే అదే మేలు. గట్టిగా ఉన్న పెట్టెను తుక్కుకు వేస్తే మాత్రం లోపలి గ్యాస్ గాలిపాలు కావచ్చు, పనిచేసే పెట్టె వృథా. ఆ నష్టాన్ని ఆపే చేతికి దండం పెట్టాలి.