గాడి చదివే కన్ను

ఎల్విస్ ప్రెస్లీ తొలి రికార్డును 1954లో మెంఫిస్‌లోని సన్ సంస్థ నిమిషానికి 78, 45 చుట్ల వేగాలు రెండింటిలోనూ విడుదల చేసింది. ఆనాటి రాకెన్‌రోల్ ఇప్పుడు కొత్త ఎల్పీలుగా మళ్లీ వస్తోంది. మన నందికొట్కూరు వైపు ఇళ్లలో మాత్రం పాత రికార్డంటే ముందు గుర్తొచ్చేది పౌరాణిక నాటక పద్యాలు, ఘంటసాల గొంతు. పాట ఏదైనా, దాన్ని బతికించేది పాత రికార్డులు అమ్మే మనిషి పనితనమే.

అతడు రికార్డును అంచులతోనే పట్టుకుంటాడు. వెలుతురుకు ఏటవాలుగా తిప్పి, గీత పైపైనే ఉందో గాడిలోకి దిగిందో చూసి, అప్పుడు ధర చెబుతాడు. ఎంత గొప్ప చూపది!

78 రికార్డు లక్క, రాతిపొడి కలిపి చేసింది, కిందపడితే పగులుతుంది. దాని గాడి వెడల్పు. ఎల్పీ ముల్లు పెడితే అడుగుకు దిగి గరగరలాడుతుంది, వేరే ముల్లు కావాలి.

ఎల్పీలకు వాడే వినైల్ అంత సులువుగా పగలదు, కానీ వేడికి వంగిపోతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే కర్నూలు సీమలో నీడన, నిలువుగా పేర్చాల్సిందే.

కొత్త ముద్రణల్లో 180 గ్రాముల బరువును చూసి మురిసిపోనక్కర్లేదు. ఏ టేపు నుంచి గాడి కోశారన్నదే అసలు సంగతి.

అటక మీద తాతల నాటి రికార్డులుంటే తూకానికి వేయకండి. ముందు తెలిసినవాళ్లకు చూపించండి.