చిన్న విమానమే అసలు బడి
మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సు రావాలంటే 200 గంటలు ఎగరాలి, అందులో 100 గంటలు తానే కమాండర్‌గా. వీటిలో ఎక్కువ భాగం సెస్నా 172 లాంటి ఒంటి ఇంజన్ విమానాల్లోనే గడుస్తుంది. ఎయిర్‌బస్ ఎక్కేదాకా తప్పని తిప్పలన్నట్టు చాలామంది వీటిని చూస్తారు. నాకు మాత్రం ఈ వృత్తి సారమంతా అక్కడే కనిపిస్తుంది. ట్యాంకు అడుగునుంచి కాస్త ఇంధనం వంపి నీళ్లు కలిశాయేమో చూడటం, మనుషుల బరువూ సామాను బరువూ లెక్కగట్టడం, దిగేటప్పుడు పక్కగాలికి తగ్గట్టు పెడల్ తొక్కడం, అన్నీ ఆ ఒక్క పైలట్ పనే.

ఆటోపైలట్ ఉండగా ఈ చేతిపని ఎందుకంటారా? 1983 జులైలో కెనడా ఆకాశంలో ఎయిర్ కెనడా బోయింగ్ 767కు ఇంధనం నిండుకుంది. (పౌండ్లకూ కిలోలకూ మధ్య లెక్క తప్పింది మరి!) గ్లైడర్లు నడిపిన కెప్టెన్ బాబ్ పియర్సన్, విమానాన్ని ఓ పక్కకు వాల్చి జారుస్తూ ఎత్తు తగ్గించే చిన్న విమానాల విద్యతో గిమ్లీలో దించారు. అందరూ బతికారు. ఇక ఖర్చు లక్షల్లో ఉంటుందనీ, తొలి ఉద్యోగం దొరకడం కష్టమనీ అంటే కాదనలేను. అయితే ఆ తప్పు శిక్షణ ఖరీదుది, పనిది కాదు. ఈ దారిలోకి రాదలచినవాళ్లు ఫీజు కట్టకముందే క్లాస్ 2, ఆ తర్వాత క్లాస్ 1 వైద్య పరీక్షలు పూర్తి చేసుకోండి.