ప్రేమ, మనస్సాక్షి, సంఘం: కృపాబాయి సత్యనాథన్ నవలలపై ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

తెలుగు క్రైస్తవ సంఘంలో ప్రేమను గూర్చిన ప్రసంగాలకు కొదువ లేదు, ప్రేమకథలకే కొదువ. మొదటి కొరింథీ పత్రిక పదమూడవ అధ్యాయాన్ని పెండ్లి ఆరాధనలో చదవని కాపరి బహుశా ఉండడు. కాని ఇద్దరు యౌవనస్థులు ఒకరినొకరు ఎట్లా ఎరిగారు, ఎందుకు కోరుకున్నారు, వారి విశ్వాసం ఆ కోరికను ఏమి చేసింది అనే ప్రశ్న వచ్చేసరికి మన పుస్తకాల బల్ల దాదాపు ఖాళీగా కనిపిస్తుంది. కీర్తనలున్నాయి, సాక్ష్యాలున్నాయి, మిషనరీల జీవిత చరిత్రలున్నాయి. పరమగీతమును గ్రంథములలో ఒకటిగా అంగీకరించిన సంఘానికి ప్రేమకథ అంటే ఇంత బిడియం ఎందుకు?

ఈ ప్రశ్న నాకు గ్రంథాలయంలో కలగలేదు. కొన్నేండ్ల క్రితం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆంగ్ల సాహిత్యం చదువుతున్న ఒక సంఘసభ్యురాలు తార్నాకలోని మా ఇంటికి వచ్చింది. తాను ఒక యువకుని వివాహమాడదలచినట్లు చెప్పింది. ఆ అబ్బాయి బాప్తిస్మం పొందినవాడే, ప్రభువు బల్లలో పాలుపొందేవాడే. అయితే రెండు కుటుంబాల కులాలు వేరు. పెద్దలు ఒప్పుకోలేదు. "అయ్యగారూ, మీరు ఒక్కసారి మా నాన్నగారితో మాట్లాడండి" అని అడిగింది. చూద్దాం, ప్రార్థన చేద్దాం అన్నాను. ఆమె వెళ్తూ ఒక జిరాక్సు ప్రతి బల్లమీద పెట్టింది. "ఇది కూడా మన వాళ్ల కథేనండి, వీలున్నప్పుడు చదవండి" అన్నది. అది కృపాబాయి సత్యనాథన్ రాసిన 'సగుణ'.

ఈ వ్యాసంలో కృపాబాయి జీవితాన్ని, ఆమె రెండు నవలలను, వాటి ప్రేరణ మూలాలను పరిశీలించి, నేటి తెలుగు సంఘానికి అవి ఏమి చెబుతాయో విచారించడం నా ఉద్దేశం.

2. జీవితం

కృపాబాయి 1862లో మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్‌లో జన్మించింది. తండ్రి హరిపంత్, తల్లి రాధాబాయి బొంబాయి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబాలనుండి క్రీస్తును అంగీకరించిన తొలితరం వారు. తండ్రి ఆమె చిన్నతనంలోనే గతించాడు. అన్న భాస్కర్ ఆమెకు చదువుపై ఆసక్తి కలిగించాడు; అతడు కూడా యౌవనంలోనే మరణించాడు. బొంబాయిలో మిషనరీ స్త్రీల యొద్ద చదివేటప్పుడు ఆమె ప్రతిభను గుర్తించి వైద్యవిద్యకై ఇంగ్లాండు పంపదలచారు గాని ఆరోగ్యం అనుకూలించలేదు. అందుచేత 1878లో మద్రాసు వైద్య కళాశాలలో చేరింది. ఆ కళాశాల స్త్రీలకు తలుపు తెరిచి అప్పటికి మూడేండ్లే అయింది. మొదటి సంవత్సరం మంచి ఫలితాలు సాధించినా ఆరోగ్యం చెడి చదువు మానవలసి వచ్చింది.

మద్రాసులో ఆమె బస చేసింది రెవరెండ్ డబ్ల్యు. టి. సత్యనాథన్ గారి ఇంట. ఆయన కుమారుడు శామ్యూల్‌ను 1881లో వివాహమాడింది. మొదట ఉదకమండలంలో కాపురం. అక్కడ ముస్లిం బాలికలకై ఒక పాఠశాల నడిపింది. 'ఒక భారతీయ స్త్రీ' అనే మారుపేరుతో ఆంగ్ల పత్రికలకు వ్యాసాలు రాసింది. 1884 ప్రాంతంలో ఆ దంపతులు రాజమండ్రికి వచ్చారు. గోదావరి ఒడ్డున ఆమె ఆరోగ్యం మరల దెబ్బతిన్నది. అక్కడినుండి కుంభకోణం, 1886లో తిరిగి మద్రాసు. ఒక్కగానొక్క బిడ్డ పసితనంలోనే పోయింది. 'సగుణ' 1887-88లో మద్రాసు క్రైస్తవ కళాశాల పత్రికలో ధారావాహికగా వచ్చింది. రెండవ నవల 'కమల'ను ఆమె రోగశయ్యపై పూర్తి చేసింది. 1894లో, ముప్పది రెండేండ్ల ప్రాయంలో మరణించింది. 'కమల' ఆ ఏడే, 'సగుణ' మరుసటి ఏడు పుస్తకరూపంలో వచ్చాయి.

ఆంగ్లంలో నవల రాసిన తొలితరం భారతీయ స్త్రీలలో ఒకరైన ఈమెను చాలాకాలం పండితలోకం మరచిపోయింది. ఆమెను తిరిగి పాఠకుల ముందుకు తెచ్చినవారిలో హైదరాబాదు వారున్నారని చెప్పుకోవడం మనకు సంతోషం. ఉస్మానియా ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న నాటి కేంద్రీయ ఆంగ్ల, విదేశీ భాషల సంస్థలో (2007లో అది విశ్వవిద్యాలయమైంది) బోధించిన సూసీ తారు, నగరంలో 1985లో మొదలైన అన్వేషి సంస్థకు చెందిన కె. లలిత కలిసి సంపాదకత్వం వహించిన భారతీయ స్త్రీల రచనల సంకలనం మొదటి సంపుటం 1991లో వెలువడింది. అందులో కృపాబాయికి చోటు దక్కింది. 1998లో రెండు నవలలూ పునర్ముద్రణ పొందాయి. మా సంఘసభ్యురాలి జిరాక్సు ప్రతికి వెనుక ఇంత చరిత్ర ఉన్నది.

3. రెండు నవలలు, రెండు జవాబులు

'సగుణ'కు ఉపశీర్షిక దేశీయ క్రైస్తవ జీవితగాథ; 'కమల'కు హిందూ జీవితగాథ. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితేనే రచయిత్రి ఆలోచన తెలుస్తుంది.

'సగుణ' చాలామట్టుకు ఆత్మకథే. అందులో మొదటి ప్రేమకథ సగుణది కాదు, ఆమె తల్లిది. బాల్యంలోనే పెండ్లయిన రాధ, భర్త మతం మార్చుకున్నాడని విని తల్లడిల్లుతుంది. తన ఇష్టంతో నిమిత్తం లేకుండానే అతని ఇంటికి చేరవలసి వస్తుంది. ఆమె మనసు ఒక్క రోజులో మారదు. భర్త ఆమెను బలవంతపెట్టడు, ఓపిక పడతాడు. విశ్వాసం కంటె ముందు ఆమెకు అర్థమైనది అతని మంచితనం. ఇక్కడ రూతు గ్రంథంతో పోలిక సహజంగా తోస్తుంది గాని తేడా కూడా ఉన్నది. రూతు తానే నిర్ణయించుకొని దారి పట్టింది. రాధకు ఆ నిర్ణయం మొదట దక్కలేదు, తరువాత నెమ్మదిగా సంపాదించుకున్నది.

కూతురు కాలానికి పరిస్థితి మారుతుంది. తెలిసినవారు మంచి సంబంధమని తెచ్చిన వరుణ్ణి సగుణ కాదంటుంది. చదువుకోవాలనే కోరిక ఆమెకు పెండ్లికంటె పెద్దది. చివరకు తనను సమానురాలిగా చూడగల మనిషి దొరికినప్పుడే ఔనంటుంది. తల్లి కథలో లేనిది, కూతురి కథలో ఉన్నది ఒక్కటే: కాదనే హక్కు. కాదనగలిగినవారి ఔను మాత్రమే నిజమైన ఔను అనేది ఈ నవల మర్మం.

'కమల' కథ దుఃఖమయం. సన్న్యాసి కూతురైన కమలకు గణేశ్‌తో పెండ్లవుతుంది. అతడు చదువుకున్నవాడు, మొదట భార్యకు చదువు చెప్పబోతాడు. అత్తవారింటి పోరు ముందు ఆ ఉత్సాహం నిలువదు. ఆపై సాయి అనే స్త్రీ ఆకర్షణలో పడి భార్యను దూరం చేసుకుంటాడు. అతని మరణానంతరం, ఆమెను చాలాకాలంగా ప్రేమిస్తున్న బంధువు రామచందర్ తనను వివాహమాడమని కోరుతాడు. కమల మనసు అతనివైపే ఉన్నది. అయినా నిరాకరించి, శేష జీవితాన్ని దిక్కులేనివారి సేవలో గడుపుతుంది.

ఈ ముగింపు పాఠకులను ఇబ్బంది పెడుతుంది. రచయిత్రి రాజమండ్రిలో నివసించినది వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న అదే పట్టణంలో మొదటి వితంతు వివాహం జరిపించిన కొద్దికాలానికే. ఆ అలజడి ఇంకా చల్లారని ఊరది. ఆ చర్చలు వాడిగా సాగిన కాలంలో రాసిన నవలలో ఒక క్రైస్తవ రచయిత్రి తన కథానాయికకు పునర్వివాహం ఎందుకు చేయలేదు? క్రైస్తవురాలిగానైనా ఎందుకు మార్చలేదు?

నా అభిప్రాయంలో ఆమె గొప్పతనం ఇక్కడే ఉన్నది. రామచందర్‌ను మిషనరీ బంగళాకు పంపి, కమలకు బాప్తిస్మమిప్పించి, ఆఖరి అధ్యాయంలో పెండ్లి జరిపించడం ఆమెకు కష్టమేమీ కాదు. కరపత్రాలు అట్లాగే రాస్తారు. ఆమె నవల రాసింది. కమల పెరిగిన ఆచారం ఆమె మనస్సాక్షిలోకి ఎంత లోతుగా దిగిందో చూపింది. ఆ ఆచారం తప్పని రచయిత్రి దాచలేదు; అయినా కమల మనస్సాక్షిని ఎగతాళి చేయలేదు. ఎదుటివారి నమ్మకాన్ని ఖండిస్తూనే ఆ మనిషిని గౌరవించడం మన సువార్త ప్రకటనలో తరచు లోపించే గుణం.

4. ప్రేరణ మూలాలు

ఆమె ప్రేరణకు మూడు మూలాలు కనిపిస్తాయి. మొదటిది కుటుంబ జ్ఞాపకం: తల్లి నోట విన్న పరివర్తన కథ, అన్న సాంగత్యం, వరుస మరణాలు. రెండవది దక్కను ప్రకృతి. కొండలు, లోయలు, జలపాతాలు ఆమె నవలల్లో అలంకారాలు కావు. ఇంట్లో గొంతెత్తలేని ఆడపిల్ల ఊపిరి తీసుకునే చోట్లు. మూడవది గాయం: స్త్రీగా, రోగిగా, నల్లజాతి క్రైస్తవురాలిగా అనుభవించినది. తెల్ల మిషనరీల ఇంట ఎదురైన చిన్నచూపును 'సగుణ'లో ఆమె దాచలేదు. సువార్తను ప్రేమించడానికి దాన్ని తెచ్చినవారి గర్వాన్ని కూడా ప్రేమించనక్కరలేదని ఆమెకు తెలుసు.

నేటి క్రైస్తవ ప్రేమ నవలతో పోల్చితే ఈ తేడా స్పష్టమవుతుంది. మన యువత ఆంగ్లంలో చదివే ఫ్రాన్సీన్ రివర్స్ మొదట సామాన్య ప్రేమ నవలలు రాసి, క్రైస్తవ విశ్వాసంలోకి వచ్చాక 1991లో 'రిడీమింగ్ లవ్' ప్రచురించింది. హోషేయ గ్రంథాన్ని పందొమ్మిదవ శతాబ్దపు కాలిఫోర్నియా బంగారు గనుల కాలానికి మార్చిన కథ అది. ఎంతోమందికి అది ఆదరణనిచ్చింది. అయితే అక్కడ ప్రేమించే పురుషుడు దేవుని స్థానంలో నిలుస్తాడు. స్త్రీ పారిపోయి తిరిగి రావలసిన మనిషి అవుతుంది. కృపాబాయి ఏ పురుషునికీ ఆ స్థానం ఇవ్వలేదు. ఆమె కథల్లో దేవుని ఎదుట స్త్రీ తానే నిలబడుతుంది.

5. తెలుగు కొనసాగింపు

కృపాబాయి మరణానంతరం శామ్యూల్ 1898లో వివాహమాడినది ఒక తెలుగు యువతిని. మచిలీపట్నం నోబుల్ కళాశాలలో చదివి మద్రాసు విశ్వవిద్యాలయంలో బి.ఏ. పట్టా పొందిన కమలా సత్యనాథన్ ఆమె. కృపాబాయి కథానాయిక పేరే ఈమె పేరు కావడం చదువరిని కాసేపు ఆపుతుంది. భార్యాభర్తలిద్దరూ కలిసి భారతీయ క్రైస్తవ జీవిత కథలను అదే ఏడు ప్రచురించారు. 1901లో కమల ప్రారంభించిన 'ఇండియన్ లేడీస్ మ్యాగజీన్'లో మన హైదరాబాదు కవయిత్రి సరోజినీ నాయుడు రాసింది; బేగం రొకియా 'సుల్తానాస్ డ్రీమ్' 1905లో అందులోనే మొదట వచ్చింది. 1906లో భర్త మరణించాక కూడా కమల పత్రికను విడువలేదు. 1918 వరకు, మరల 1927 నుండి 1938 వరకు నడిపింది. ఒక తెలుగు క్రైస్తవ స్త్రీ చేసిన ఈ సాహిత్య సేవ మన సంఘ చరిత్ర పాఠాల్లో ఎంత చోటు పొందినదో పాఠకులే ఆలోచించాలి.

6. లోపం

కృపాబాయిని ప్రశంసించి ఊరుకుంటే అది విమర్శ కాదు. ఆమె దేశీయ క్రైస్తవ జీవితం అన్నది ప్రధానంగా బ్రాహ్మణ కుటుంబపు జ్ఞాపకం. ఆమె వైద్య కళాశాలలో చేరిన 1878లోనే, జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది ఒక్క రోజులో బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. తెలుగు సంఘం ప్రధానంగా ఆ నీళ్లలోనుండి లేచిన సంఘం. వారి ఇండ్లలోనూ రాధలున్నారు, సగుణలున్నారు. వారి ప్రేమలు ఎవరు రాశారు? ఆ ఖాళీని పూరించే పెద్ద ప్రయత్నం జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' (2000). అందులో రూతు అనే స్త్రీ తన భర్త రూబేను తరాల కథను జ్ఞాపకం చేసుకుంటుంది. సంఘాన్ని అది గట్టిగానే ప్రశ్నిస్తుంది. అందుకే మనం చదవాలి. 'సగుణ' అడిగిన ప్రశ్న స్త్రీకి కాదనే హక్కు ఉన్నదా అని. 'అంటరాని వసంతం' తరువాత మనం అడగవలసిన ప్రశ్న, ఔననే హక్కు అందరికీ ఉన్నదా అని. ఒకే బల్లలో రొట్టె విరిచినవారికి ఒకే పందిట్లో పెండ్లి ఎందుకు కాదు?

7. ముగింపు

మూడు సూచనలు చేస్తాను. సెమినరీల్లో సంఘ చరిత్ర, కాపరి సేవ పాఠ్యాంశాలలో కృపాబాయి, కమల రచనలకు చోటివ్వాలి. యౌవనస్థుల కూడికల్లో వివాహం గూర్చి మాట్లాడేటప్పుడు నియమాలతో పాటు కథలు చదివించాలి. మన పేటల్లో, మన ఊళ్లలో విశ్వాసం, ప్రేమ, కులం తలపడిన కథలను తెలుగులో రాసేవారిని సంఘం అనుమానించక ఆదరించాలి.

ఇక నా సంగతి. ఆ జిరాక్సు ప్రతిని నేను వెంటనే చదవలేదు. ఆమె తండ్రితో మాట్లాడనూ లేదు. కమిటీలో అలజడి రేగుతుందని తటపటాయించాను. వారిద్దరూ రిజిస్ట్రారు కార్యాలయంలో పెండ్లి చేసుకున్నారు. ఆ తరువాతే నేను 'సగుణ' చదివాను. ఒక రోగిష్ఠి యువతి నూరేండ్లకు పైబడిన కాలం క్రితం రాసిన పుస్తకం నా కాపరత్వాన్ని ప్రశ్నించింది. ఇప్పుడు ఆ దంపతులు ఆదివారం ఆరాధనకు వస్తారు, వెనుక వరుసలో కూర్చుంటారు. ముందుకు రమ్మని పిలవవలసిన బాధ్యత వారిది కాదు, నాది.