డబ్బా ఖాళీ అయిందా?

సాయంత్రం డేకేర్ గేటు దగ్గర తల్లిదండ్రులు ఆయమ్మను అడిగే మొదటి మాట ‘తిన్నాడా?’ అని. రెండో మాట అడగరు, డబ్బా మూత తీసి చూస్తారు. పప్పన్నం మిగిలి ఉంటే ముఖం చిన్నబోతుంది, ఖాళీగా ఉంటే ఇల్లు చేరేదాకా మనసు తేలిక. ఈ ఆరాటాన్ని తప్పుపట్టలేం. పొద్దున వదిలి సాయంత్రం తీసుకెళ్లే రెండేళ్ల బిడ్డ రోజంతా ఎలా గడిపిందో తెలుసుకోవడానికి వాళ్లకు కంటికి కనిపించే ఆనవాలు అదొక్కటే. చిక్కెక్కడంటే, మనం దేని లెక్క అడిగితే పని అటే మొగ్గుతుంది. డబ్బా ఖాళీ చేయించడమే ఆయమ్మ పనితనానికి గుర్తయ్యాక, ఆమె అందుకు దారులు వెతుక్కుంటుంది. ఫోన్‌లో పాటలు పెడుతుంది, బూచాడి పేరు చెబుతుంది, చివరి నాలుగు ముద్దలకు బిస్కెట్ ఆశ చూపుతుంది, అదీ కాకపోతే బుగ్గలు నొక్కి నోరు తెరిపిస్తుంది. ఇందులో చాలావరకు దుర్మార్గం కాదు, అడిగిన లెక్క అప్పజెప్పడం. ఏం వడ్డించాలి, ఎప్పుడు వడ్డించాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి అన్నవి పెద్దవాళ్ల బాధ్యత, ఎంత తినాలన్నది మాత్రం పిల్ల ఇష్టం అని అమెరికా పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ 1980లలోనే ఒక గీత గీసి చెప్పింది. ఇంట్లో ఆ గీత అటూ ఇటూ అయినా పెద్ద ప్రమాదం లేదేమో. పదిమంది పిల్లలు ఒకచోట తినే డేకేర్‌లో మాత్రం దాన్ని గట్టిగా పాటించాలని నా వాదన. ఎందుకంటే అక్కడ బలవంతం అలవాటుగా మారడానికి ఎక్కువ రోజులు పట్టదు.

పిల్లకేం తెలుసు ఎంత తినాలో అన్న అనుమానం సహజం. నిజానికి ఆ సంగతి పెద్దవాళ్లకన్నా పిల్లలకే బాగా తెలుసనడానికి ఆధారాలున్నాయి. లియాన్ బర్చ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన బృందంతో కలిసి 2 నుంచి 5 ఏళ్ల పిల్లలు పదిహేను మంది ఆరు రోజులపాటు తిన్న ప్రతిదాన్నీ తూచి, 1991లో ఆ లెక్కలు ప్రచురించింది. ఒక్కో పూట తిండి చూస్తే పొంతన ఉండదు. పొద్దున కడుపునిండా తిన్న పిల్ల మధ్యాహ్నం రెండు ముద్దలతో లేచిపోతుంది. సగటున పూటపూటకూ తేడా 33 శాతం పైనే. అదే రోజు మొత్తం మీద కూడితే తేడా 10 శాతమే. ఒక పూట తగ్గింది ఇంకో పూట పూడిపోతోందన్నమాట. డేకేర్ చూసేది ఆ రోజులోని ఒకటి రెండు పూటలు మాత్రమే. ఆ ఒక్క పూటనే పట్టుకుని ‘తినలేదు’ అని తీర్పు చెప్పడం తొందరపాటు. ఇక బలవంతం సంగతి. 2006లో వచ్చిన ఇంకో అధ్యయనంలో బర్చ్ సహచరులు బడికి వెళ్లని వయసు పిల్లలకు వారాల తరబడి రెండు రకాల సూపులిచ్చారు. ఒకదాన్ని ఇస్తూ ‘పూర్తిగా తాగెయ్’ అని మెల్లగా గుర్తు చేసేవారు, రెండోదాని విషయంలో ఏమీ అనేవారు కాదు. పిల్లలు ఎక్కువ తాగింది ఏమీ అనకుండా ఇచ్చిన సూపునే. తాగమన్నదాని మీద చెప్పిన వంకలకైతే లెక్కే లేదు. అక్కడ చేసింది గద్దించడం కూడా కాదని గుర్తుంచుకోవాలి. మర్యాదగా నాలుగుసార్లు అడిగితేనే అంత వికటిస్తే, బూచాడి సంగతి వేరే చెప్పాలా! లంచం కథా అంతే. ఇది తాగితే అది ఇస్తానని బహుమతితో ముడిపెట్టిన పానీయం మీద పిల్లలకు ఇష్టం తగ్గిందని బర్చ్ 1980లలోనే చూపించింది. కూర తింటే బిస్కెట్ అంటే పిల్లకు అర్థమయ్యేది ఒకటే: కూర ఓర్చుకోవాల్సిన వస్తువు, బిస్కెట్ అసలు వస్తువు.

అలాగని పిల్ల ఏది కోరితే అది పెట్టాలని ఎవరూ అనడం లేదు. ఈ విషయంలో తరచూ ఉదహరించే పాత ప్రయోగం అమెరికా వైద్యురాలు క్లారా డేవిస్ చేసింది. 1920లలో మొదలుపెట్టి, అప్పుడే పాలు మాన్పించిన పదిహేను మంది పిల్లల ముందు ముప్పైకి పైగా రకాల ఆహారం పెట్టి, దేన్ని ఎంత తింటారో వాళ్లకే వదిలేసింది. పిల్లలు ఒకరోజు ఒకదాన్నే పట్టుకుని తిన్నారు, ఇంకోరోజు దాన్ని ముట్టలేదు. అయినా ఏపుగా ఎదిగారు. చూశారా, పిల్లల నాలుకకే అన్నీ తెలుసు అని దీన్ని చెప్పుకుంటారు. కానీ అసలు కిటుకు పళ్లెంలో ఏం పెట్టామన్న దగ్గరే ఉందని డేవిసే స్పష్టంగా రాసింది. ఆ జాబితాలో చక్కెర లేదు, మైదా లేదు, డబ్బా సరుకు లేదు. పళ్లూ కూరగాయలూ ధాన్యాలూ పాలూ గుడ్లూ మాంసం వంటివే. పెద్దవాళ్ల పెత్తనం ఉండాల్సింది ఆ జాబితా మీద. మన డేకేర్లలో తరచూ తలకిందులయ్యేది ఇదే. ఏం పెట్టాలన్న చోట పట్టు సడలిస్తాం, ఎంత తినాలన్న చోట పట్టు బిగిస్తాం. పదకొండు గంటలకు క్రీమ్ బిస్కెట్లు పెట్టి, తీపి పాలు తాగించి, పన్నెండున్నరకు పిల్ల అన్నం వద్దంటోందని మొత్తుకుంటాం. ఆ పిల్లకు ఆకలి లేకపోవడం మారాం కాదు. రెండు తిండ్ల మధ్య రెండు రెండున్నర గంటల ఎడం ఇచ్చి, నడుమ మంచినీళ్లు తప్ప ఇంకేమీ ఇవ్వకుండా చూస్తే, బతిమాలే పనిలో సగం అక్కడే తప్పుతుంది. నిద్ర ముంచుకొచ్చే వేళకు కాకుండా ఓ అరగంట ముందే వడ్డిస్తే ఇంకాస్త తప్పుతుంది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. ఇదంతా కడుపునిండిన దేశాల ముచ్చట, మన దగ్గర పిల్లలు ఎదగక ఛస్తుంటే ఇష్టమైనంత తినమని ఎలా వదిలేస్తాం అని. తేలిగ్గా తోసిపుచ్చే మాట కాదిది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు తెలంగాణలో 33 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం. తెలంగాణ పసిపిల్లల్లో పదిమందిలో ఏడుగురికి రక్తహీనత. జవాబు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నల్లగొండ జిల్లాలో 60 గ్రామాలు తీసుకుని ఇదే పరీక్షించారు. ఫలితాలు 2013లో వచ్చాయి. కొన్ని ఊళ్లలో మామూలు అంగన్‌వాడీ సేవలే. కొన్నిచోట్ల శిక్షణ పొందిన గ్రామ మహిళలు ఇంటింటికీ వెళ్లి, పైతిండి ఏం పెట్టాలో ఎంత చిక్కగా పెట్టాలో తల్లులకు చెప్పారు. మిగతా ఊళ్లలో దానికి తోడు బిడ్డ ఆకలి సైగలు ఎలా గమనించాలి, వద్దన్నప్పుడు ఏం చెయ్యాలి, ఎలా ఆడించాలి అన్నవి కూడా నేర్పారు. చివరికి తేలిందేమిటంటే, సలహా అందిన రెండు రకాల ఊళ్లలోనూ పిల్లలకు శక్తి, ప్రొటీన్, ఇనుము మిగతావాళ్ల కంటే ఎక్కువ అందాయి. సైగలు గమనిస్తూ తినిపించమన్నందువల్ల తిండి తగ్గిపోలేదు. పైగా ఆ మూడో రకం ఊళ్ల పిల్లల మానసిక వికాసం మెరుగ్గా ఉంది. అయితే ఎత్తులో మేలు కనిపించింది రెండో గుంపులో, అంటే తిండి గురించి మాత్రమే చెప్పిన ఊళ్లలో. మూడో గుంపులో అంత కనిపించలేదు. నా వాదనకు ఇబ్బందైనా ఈ సంగతి చెప్పి తీరాలి. తినిపించే తీరు మార్చినంత మాత్రాన పిల్లలు పొడుగైపోరు. అది తిండి సరుకు చేసే పనికి బదులు కాదు, దానికి తోడు. పైగా ఈ పరీక్ష ఇళ్లలో, పదిహేను నెలల లోపు బిడ్డల మీద జరిగింది, డేకేర్‌లో కాదు. అయినా అభ్యంతరంలోని కీలకమైన భయానికి, ఒత్తిడి లేకపోతే మన పిల్లలు తినరన్న భయానికి, మన పల్లెల్లోనే సమాధానం దొరికింది. పోషక లోపం ఉన్నచోట చెయ్యాల్సింది ప్రతి ముద్దనూ చిక్కన చెయ్యడం: పప్పులో ఓ చెంచా నూనె, మెదిపిన గుడ్డు, నీళ్లచారు బదులు ముద్దపప్పు. చిన్న పొట్టలో పలచటి అన్నం ఎంత కుక్కినా లాభం లేదు.

మన విధానాల కళ్లన్నీ సరుకు మీదే. 1975 అక్టోబర్ 2న 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవలకు సుప్రీంకోర్టు 2001లో కనీస కొలతలు గట్టిగా నిలబెట్టింది: బిడ్డకు 300 కేలరీలు, 8 నుంచి 10 గ్రాముల ప్రొటీన్. 2013 ఆహార భద్రతా చట్టం 3 నుంచి 6 ఏళ్ల వాళ్లకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల ప్రొటీన్ అని రాసింది. ఈ అంకెల కోసం ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది, వాటి విలువ తక్కువ కాదు. అయితే ఆ పట్టికలో పక్కన ఎవరు కూర్చోవాలి, ఎన్ని నిమిషాలు అన్న ఊసు లేదు. అంగన్‌వాడీ కేంద్రంలో ఒక టీచరు, ఒక ఆయా. వండేది ఆయానే, వడ్డించేదీ కడిగేదీ ఆమే. టీచరు అదే వేళకు రిజిస్టర్లు, ఫోన్ యాప్‌లో ఫొటోలు, సరుకు లెక్కలతో సతమతమవుతూ ఉంటుంది. మూడేళ్లలోపు పిల్లలకైతే చట్టం ఇచ్చేది ఇంటికి పట్టుకెళ్లే రేషనే. కాబట్టి కూలికో ఉద్యోగానికో వెళ్లే తల్లి పసిబిడ్డ ఉండేది పక్కింట్లో, లేదా డబ్బు కట్టే డేకేర్‌లో. అక్కడ ఎన్ని చేతులున్నాయన్నది యజమాని లాభం లెక్కను బట్టి ఉంటుంది. అంతమంది పిల్లలతో ఈ నిదానం ఎలా సాధ్యం అని ఆయమ్మలు అడిగితే, ఆ ప్రశ్న వాళ్లది కాదు, మనందరిదీ. అయినా ఒక మాట. బలవంతానికి కూడా చేతులు కావాలి. ఒక్కో నోట్లో ఒక్కో ముద్ద పెట్టుకుంటూ వరస తిరగడం కంటే, తమంతట తాము కలుపుకుని తినే పిల్లలతో కలిసి కూర్చోవడం తక్కువ శ్రమ. మొదటి నెలలో నేల మీద చిందిన మెతుకులు ఎత్తడానికి పట్టే టైము మూడో నెలకు మిగులుతుంది.

ఇక్కడ గోరుముద్దల ప్రస్తావన రాక తప్పదు. పెద్దలు ముద్దలు కలిపి పెట్టడం మన సంస్కృతి కదా, దాన్ని కాదంటారా అని. కాదనను. ఒడిలో ఒక్క బిడ్డ, ఎదురుగా ముఖం, తల తిప్పగానే ఆగే చెయ్యి ఉన్నప్పుడు అంతకంటే మంచి పద్ధతి ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003 సూత్రాల్లో నిదానంగా, ఓపిగ్గా, కళ్లలోకి చూస్తూ మాట్లాడుతూ తినిపించండి, ప్రోత్సహించండి, బలవంతం చెయ్యకండి అని రాసింది కూడా అదే. ఒడి పోయి, ఒకే గిన్నెతో వరసగా ఆరు నోళ్లు నింపే పనైపోయాక మాత్రం దానికి ఆ పేరు పెట్టకూడదు. గుంపులో ఉంటూనే ఒక్కొక్కరికీ తీరిక ఇవ్వడం కుదురుతుందా అంటే, బుడాపెస్ట్‌లో 1946లో పిల్లల వైద్యురాలు ఎమ్మీ పిక్లెర్ మొదలుపెట్టిన లోట్సీ శిశుగృహం కుదురుతుందని చూపించింది. అక్కడ చిన్నవాళ్లకు ఒక్కొక్కరికే తినిపించేవారు. వరస ఎప్పుడూ మారదు కనుక తన వంతు వస్తుందని మిగతా పిల్లలకు తెలుసు. బిడ్డ చాలన్నాక ఒక్క చెంచా కూడా ఎక్కువ పెట్టకూడదన్నది నియమం. కాస్త పెద్దవాళ్లకు మన పంక్తి భోజనమే చాలా చక్కని ఏర్పాటు. తోటి పిల్ల తింటుంటే తనకు నచ్చని కూర కూడా నోట పెట్టుకునే గుణం ఆ వయసు పిల్లల్లో బాగా ఉంటుంది. ఆయమ్మ కూడా ఓ పళ్లెం పెట్టుకుని వాళ్లతోపాటు నేల మీద కూర్చుంటే, చుక్కకూర పప్పు గురించి ఉపన్యాసం అక్కర్లేదు. మొదట చిన్న గరిటెడు వడ్డించి, అడిగితే మళ్లీ వెయ్యాలి. కొత్త కూరను ఒకసారి వద్దన్నారని మానెయ్యకూడదు. ఎనిమిది పదిసార్లు కంటికీ నాలుకకూ తగిలాక ఒప్పుకునేవాళ్లే ఎక్కువ. పచ్చసొన పొడిపొడిగా గొంతుకు అడ్డం పడుతుంది గనుక పప్పులో మెదిపి పెట్టాలి. ద్రాక్షను నిలువునా చీల్చాలి, పల్లీలను పొడి చెయ్యాలి. ఏడుస్తున్న నోట్లో ముద్ద ఎప్పుడూ పెట్టకూడదు. ఏడుపులో గట్టిగా లోపలికి పీల్చిన ఊపిరితోపాటు మెతుకు దారి తప్పితే పొలమారడంతో ఆగకపోవచ్చు. బలవంతం మీద నా అభ్యంతరాల్లో అన్నిటికంటే ముందుండేది ఇదే.

అన్నం పారేస్తే పాపం కదా అన్నది ఇంకో మాట. నిజమే, పారెయ్యకూడదు. దానికి మందు తక్కువ వడ్డించడం, ఎక్కువ కుక్కడం కాదు. చాలన్న పిల్ల కడుపులో పడేసినంత మాత్రాన మిగిలిన అన్నం సద్వినియోగమైనట్టు కాదు. మినహాయింపులు మాత్రం ఉన్నాయి. తీవ్ర పోషక లోపంతో ఉన్న బిడ్డ, జ్వరం నుంచి లేస్తున్న బిడ్డ, నమలడం మింగడం కష్టమైన బిడ్డ, కొన్ని రకాల తిండి తాకితేనే బెదిరిపోయే ఆటిజం ఉన్న బిడ్డ — వీళ్లకు సైగల మీద మాత్రమే ఆధారపడితే చాలదు. డాక్టరూ థెరపిస్టూ చెప్పిన ప్రకారం నడవాలి. నెల నెలా తూచే బరువు వరసగా రెండుసార్లు పెరగకపోతే, అది పూటకో ముద్ద ఎక్కువ పెట్టి సరిదిద్దుకునే వ్యవహారం కాదు.

తల్లిదండ్రులు ఇక్కడ ప్రేక్షకులు కారు. డేకేర్లు ఇంటికి పంపే రోజువారీ చీటీలో ‘పూర్తిగా, సగం, తినలేదు’ అనే గళ్లు ఉన్నంతకాలం ఆయమ్మ మీద ఒత్తిడి పోదు. ఆ గళ్లు తీసేసి, ఈ రోజు ఏం వడ్డించాం, వేటిని రుచి చూసింది, మళ్లీ ఏది అడిగింది, ఎవరి పక్కన కూర్చుంది అని రాయమనాలి. డేకేర్‌లో చేర్చేటప్పుడు ఏసీ ఉందా, సీసీ కెమెరా ఉందా అని అడిగేవాళ్లు, భోజనానికి ఎంతసేపు కేటాయిస్తారు, ఆ టైములో ఎంతమంది పెద్దలు కూర్చుంటారు, పిల్ల వద్దంటే ఏం చేస్తారు అని కూడా అడగాలి. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో క్రెష్ ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి రావచ్చనీ చెప్పింది. అలాంటి చోట పనిచేసేవాళ్లు ఆ నాలుగింటిలో ఒకదాన్ని మధ్యాహ్న భోజనం వేళకు పెట్టుకోవచ్చు. వెళ్లి తినిపించక్కర్లేదు, పక్కన కూర్చుని తమ డబ్బా తాము తింటే చాలు.